ఆవు వీపు మీద పిల్లి

1941లో ఫోర్డైస్ ఈలీ, విలియం పీటర్సన్ అనే ఇద్దరు అమెరికన్ పాడి శాస్త్రవేత్తలు ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. పాలు పితికే వేళకు ఆవును బెదరగొట్టాలి, బెదిరిన ఆవు ఎన్ని పాలిస్తుందో కొలవాలి. అందుకు వాళ్ళు పన్నిన ఉపాయం, ఆవు వీపు మీద ఒక పిల్లిని కూర్చోబెట్టి, గాలి నింపిన కాగితపు సంచుల్ని పది సెకన్లకొకటి చొప్పున ఫట్‌మని పగలగొట్టడం. రెండు నిమిషాల పాటు ఈ తతంగం సాగేది. కొన్నాళ్ళకు పిల్లి అక్కర్లేదని తేలి దాన్ని మానేశారు. సంచుల చప్పుడే సరిపోయింది. ఈ వివరం కూడా వాళ్ళు తమ పత్రంలో బుద్ధిగా రాసిపెట్టారు.

పొదుగు నిండుగానే ఉంది. పితికే చెయ్యి అలవాటైనదే. అయినా బెదిరిన ఆవు పాలు దించలేదు. ఏ బెదురూ లేకపోయినా అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తే సరిగ్గా అలాగే జరిగింది.

పాడి ఉన్న ఇళ్ళలో ఇది తెలియని విషయమేమీ కాదు. దూడ వచ్చి పొదుగు కుమ్మితే గాని గేదె చేపదు. కొత్త మనిషి చెంబు పట్టుకొస్తే ఎగచేపుతుంది. ఇల్లాలు పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆమె పాత చీర భుజాన కప్పుకుని పాలు పితకడానికి కూర్చున్న మొగుళ్ళ కథలు మన పల్లెల్లో నవ్వుకుంటూ చెప్పుకుంటూనే ఉంటారు. తెలియనిదల్లా కారణం. భయం పుట్టేది తలలో, పాలు ఆగేది పొదుగులో. ఈ రెంటికీ నడుమ కబురు మోసేదెవరు?

ఆవు పొదుగులో దాదాపు ఐదింట నాలుగు వంతుల పాలు కంటికి కనపడనంత చిన్న తిత్తుల్లో ఇరుక్కుని ఉంటాయి. ఎంత గట్టిగా లాగినా అవి వాటంతట అవి కిందికి రావు. తిత్తుల చుట్టూ అల్లుకున్న కండర కణాలు బిగుసుకుని పాలను బయటికి నెట్టాలి. ఆ కణాలను బిగించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. చన్ను మీద దూడ నోరో మనిషి వేళ్ళో తగలగానే ఆ స్పర్శ నరాల గుండా మెదడుకు చేరుతుంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి దిగి, సుమారు నిమిషంలో పొదుగుకు చేరుతుంది. ఆవు బెదిరితే ఈ దారి రెండు చోట్ల తెగుతుంది. ఆక్సిటోసిన్ విడుదలే తగ్గిపోతుంది. వచ్చిన కాస్తనూ అడ్రినలిన్ పని చెయ్యనివ్వదు. గేదె విషయం మరీ సున్నితం. పితకగానే చేతికందే పాలు దాని పొదుగులో నూటికి ఐదు వంతులకు మించవు, మిగతాదంతా తిత్తుల్లోనే ఉంటుంది. గేదె దగ్గర తొందర పనికిరాదని పెద్దవాళ్ళు చెప్పే మాటకు శరీర నిర్మాణంలోనే ఆధారం ఉందన్న మాట.

కారణం తెలిశాక మనిషి ఏం చేశాడు? అదే హార్మోనును సీసాల్లో నింపి, పితకబోయే ముందు సూదితో పొడవడం మొదలుపెట్టాడు. దూడను సాకే ఖర్చు తప్పించుకోవడానికి ఇదొక దగ్గరి దారి అయింది. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే మందు ఎక్కించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 12వ సెక్షన్ కింద నేరమే. ఇంకా పాత ఉపాయం ఒకటుంది. చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టడం. గేదె దాన్ని నాకుతూ చేపుతుంది. చూడ్డానికి మనసొప్పదు గాని, శాస్త్రం దృష్టితో చూస్తే ఈ గడ్డి దూడ ఒక సంగతి పట్టి ఇస్తుంది. పాలు దిగడానికి దాణా ఒక్కటే చాలదు. తనకు కావలసిన ప్రాణి ఎదురుగా ఉందన్న నమ్మకం కూడా కావాలి.

పశువులకే కాదు, మనుషులకూ అంతే. 1948లో నైల్స్ న్యూటన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, డాక్టరైన తన భర్తతో కలిసి, పాలిచ్చే తల్లి మీద ఒక ప్రయోగం చేసింది. ఆ తల్లి తనే. బిడ్డకు పాలిస్తున్నంతసేపూ ఆమె పాదాలను మంచునీళ్ళలో ముంచారు, కాలి బొటనవేళ్ళు నొప్పెట్టేలా లాగారు, లెక్కలు అడిగారు. మామూలు రోజుల్లో బిడ్డ తాగిన పాలు సగటున 168 గ్రాములుంటే, ఈ చికాకుల రోజుల్లో 99 గ్రాములకు పడిపోయాయి. చికాకులు అలాగే ఉంచి ఆక్సిటోసిన్ ఇస్తే మళ్ళీ 153 గ్రాములకు పెరిగాయి. 'పాలు పడటం లేదు' అంటూ బాలింతను చుట్టూ చేరి విసిగించే బంధువులకు ఎవరైనా ఈ మూడు అంకెలు చూపిస్తే బాగుండును.

2009లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక అధ్యయనాన్ని చూసి పత్రికలు బాగా నవ్వుకున్నాయి. దాన్ని చేసిన కేథరిన్ డగ్లస్, పీటర్ రోలిన్సన్‌లకు నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా దక్కింది. బ్రిటన్‌లో 516 మంది పాడి రైతులను అడిగి చూస్తే, ఆవులను పేరు పెట్టి పిలిచే కొట్టాల్లో ఒక్కో ఆవు ఏడాదికి 258 లీటర్లు ఎక్కువ పాలిస్తున్నట్టు తేలింది. ఆవుకు గౌరి అనో లక్ష్మి అనో పేరు పెట్టగానే పాలు పొంగుతాయని దీనర్థం కాదు. పేరు పెట్టే రైతు ఆ ఆవును విడిగా ఎరిగి ఉంటాడు. నిన్న కుంటింది, ఇవాళ మేత సరిగా ముట్టలేదు అన్నవి అతని కంట పడతాయి. పాలకు కారణం పిలుపా, ఆ పిలుపు వెనకున్న చూపా అన్నది సర్వే తేల్చలేదు. చూపే అయ్యుండాలి.

ఇలా అనుకోవడానికి ఆధారాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. పాల్ హెమ్స్‌వర్త్, ఆయన సహచరులు 1980ల నుంచీ పందుల పెంపకం కేంద్రాల్లో, పాడి క్షేత్రాల్లో కాపరుల చేతలను కూర్చుని లెక్కపెట్టారు. ఎన్నిసార్లు తట్టారు, ఎన్నిసార్లు నిమిరారు, ఎన్నిసార్లు అదిలించారు అన్నవన్నీ రాసుకున్నారు. అదిలింపులు ఎక్కువైన చోట పశువులు మనిషికి దూరంగా జరిగాయి. ఒత్తిడి హార్మోన్లు పెరిగాయి, ఎదుగుదల, చూలు, పాడి తగ్గాయి. కొట్టాల్సిన పని కూడా లేదు. ఊరికే చరచడం, అరవడం చాలు. కాపరులకు శిక్షణ ఇచ్చి తీరు మార్పిస్తే ఫలితాలూ మారాయి.

ప్రయోగశాలల్లో ఈ బెదురు మరో రకంగా ఇబ్బంది పెట్టింది. ఎలుకను తోక పట్టుకుని ఎత్తడం అక్కడ తరతరాల అలవాటు. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ వేర్వేరు తీరుల్లో ఎత్తి చూశారు. తోక పట్టి ఎత్తిన ఎలుకలు బెదురు గొడ్లయ్యాయి. దోసిట్లోకి తీసుకున్నవి, చిన్న గొట్టంలోకి నడిపించి ఎత్తినవి నెమ్మదిగా ఉండి, మనిషి చెయ్యి కనిపిస్తే దగ్గరికొచ్చాయి. మందుల పరీక్షలు చాలా వరకు మొదలయ్యేది ఎలుకల మీదే. ఎత్తే తీరులోనే ఇంత తేడా ఉంటే, ఎన్ని పరీక్షల ఫలితాల్లో ఈ బెదురు కలిసిపోయిందో ఊహించుకోవచ్చు.

1980లో సైన్స్ పత్రికలో రాబర్ట్ నెరెం బృందం ప్రకటించిన కుందేళ్ళ ప్రయోగం కూడా ఈ వరసలోదే. కుందేళ్ళన్నిటికీ కొలెస్టరాల్ దట్టించిన ఒకే మేత పెట్టారు. వాటిలో కొన్నిటిని మాత్రం రోజూ ఒడిలోకి తీసుకుని, నిమిరి, మాట్లాడి, ఆడించారు. రక్తంలో కొలెస్టరాల్ రెండు జట్లలోనూ ఒకే తీరుగా ఉంది. రక్తనాళాల గోడల మీద కొవ్వు పేరుకున్న మేర మాత్రం, ఒడి దొరికిన జట్టులో 60 శాతం తక్కువ.

చెయ్యి తగలడంలో అంత మహిమ ఎక్కడుంది? చర్మంలో స్పర్శను మోసే నరాలు ఒక్క రకం కాదు. ఏం తగిలింది, ఎక్కడ తగిలింది అని చప్పున చెప్పే వేగమైన నరాలు ఒక రకం. వాటితో పాటు, రోమాలున్న చర్మంలో చాలా నిదానంగా కబురు మోసే సన్నని నరాలు కొన్ని ఉన్నాయి. వీటి తీరును స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో హోకన్ ఒలాసన్ బృందం ఏళ్ళ తరబడి పరిశీలించింది. వేగమైన నరాలు జబ్బుతో దెబ్బతిని, ముక్కు కింది నుంచి స్పర్శే తెలియకుండా పోయిన ఒకామె మీద వాళ్ళు పరీక్ష చేశారు. మెత్తని కుంచెతో ఆమె ముంజేతిని నెమ్మదిగా నిమిరితే, కుంచె ఏ దిక్కుకు కదులుతోందో ఆమె చెప్పలేకపోయింది. కానీ హాయిగా ఉందని మాత్రం చెప్పింది. 2002లో ఈ సంగతి అచ్చయింది. ఈ నరాలు బాగా స్పందించే వేగం సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్లు. చంటిబిడ్డ వీపు నిమిరే తల్లి చెయ్యి ఎవరూ నేర్పకుండానే దాదాపు అదే వేగంతో కదులుతుంది. ఆ నిమిరేది చర్మపు వెచ్చదనంలో ఉన్న వస్తువైతే స్పందన ఇంకా బాగుంటుంది, చల్లని లోహంతో అంతగా ఉండదు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సాల్ షాన్‌బర్గ్‌కు దీని మరో ముఖం కనిపించింది. తల్లి నుంచి విడదీసిన ఎలుక పిల్లల్లో పెరుగుదల హార్మోను పడిపోయింది. పాలిచ్చినా, వెచ్చగా ఉంచినా అది కోలుకోలేదు. తల్లి నాలుకతో నాకినట్టే తడి కుంచెతో గట్టిగా రుద్దితే తిరిగి లేచింది. ఈ సంగతి విన్న టిఫనీ ఫీల్డ్ మయామీలో నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డల మీద ఇదే పని చేసి చూసింది. రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున, 10 రోజుల పాటు ఒళ్ళు మర్దించి, కాళ్ళూ చేతులూ ఆడించారు. 1986లో వచ్చిన ఆ పత్రం ప్రకారం, మర్దన దొరికిన పిల్లలు అవే పాలతో రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగి, 6 రోజులు ముందుగా ఇంటికి వెళ్ళారు.

నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పసిబిడ్డకు నలుగు పెట్టే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ మాటకు గర్వపడవచ్చు, సగం వరకు. మర్దన మేలే చేస్తుంది. ఆ పనిలో భాగంగా చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు పొయ్యడం, నోట్లో వేలు పెట్టి కఫం తియ్యడం, ముక్కులోకి గట్టిగా ఊదడం మాత్రం ప్రమాదాలు తెస్తాయని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ప్రేమ ఉన్నంత మాత్రాన చేసే పనంతా సరైనదై పోదు. బిడ్డ ఉక్కిరిబిక్కిరవుతోందని గమనించి చెయ్యి ఆపగలగడం కూడా అందులో భాగమే.

నెలలు నిండని బిడ్డల కథలో అసలు మలుపు కొలంబియా రాజధాని బొగోటాలో వచ్చింది. 1970ల చివర అక్కడి మాతాశిశు ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలను సర్దేవాళ్ళు. ఒకరి జబ్బు ఒకరికి అంటుకునేది. బరువు తక్కువ పిల్లల చావులు ఎక్కువ, వదిలేసి వెళ్ళిపోయే తల్లులూ ఎక్కువ. 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా, మరుసటి ఏడాది ఆయనతో కలిసిన హెక్టర్ మార్టినెజ్ ఒక పని మొదలుపెట్టారు. కాస్త కుదుటపడిన బిడ్డను టోపీ, లంగోటీతో తల్లి రొమ్ముల నడుమ నిలువుగా పెట్టి గుడ్డతో కట్టేసేవారు. తల్లి ఒంటి వెచ్చదనమే ఇంక్యుబేటర్. ఆకలేస్తే పాలు అక్కడే. కంగారూ సంచి గుర్తుకొచ్చి దీన్ని కంగారూ మదర్ కేర్ అన్నారు.

బయటి ప్రపంచం మొదట దీన్ని బీద దేశాల సర్దుబాటుగానే చూసింది. యంత్రాలు కొనలేనివాళ్ళు చేసుకునే పని అనుకున్నారు. బొగోటాలోనే నతాలీ షర్పాక్ బృందం 1990లలో ఇంక్యుబేటర్ పద్ధతితో పోల్చి పరీక్ష పెట్టి, ఆ పిల్లలను 20 ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించింది. కంగారూ పద్ధతిలో పెరిగిన వాళ్ళలో దుడుకుతనం తక్కువ, బడి ఎగ్గొట్టడం తక్కువ, వాళ్ళ ఇళ్ళలో పిల్లల మీద శ్రద్ధ ఎక్కువ అని 2017లో ప్రకటించింది.

అయినా ఒక నియమం మిగిలిపోయింది. బిడ్డ కుదుటపడ్డాకే తల్లికివ్వాలి, అప్పటిదాకా యంత్రాలదే పెత్తనం. ఆ కుదుటపడటం కోసం ఆగే ఒకటి రెండు రోజుల్లోనే చాలామంది బిడ్డలు చనిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆసుపత్రులు ఈ నియమాన్ని తిరగేసి చూశాయి. మన దేశం నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది బిడ్డల్లో సగం మందిని పుట్టిన కొద్దిసేపటికే తల్లి గుండెల మీదికి చేర్చారు. వాళ్ళు రోజుకు దాదాపు 17 గంటలు అక్కడే ఉన్నారు. అందుకోసం నవజాత శిశువుల ఐసీయూలోనే తల్లికి మంచం వెయ్యవలసి వచ్చింది. తల్లిని గడప దాటనివ్వని గదిలోకి తల్లి మంచమే వచ్చి చేరింది. 28 రోజుల లోపు చావులు పాత పద్ధతిలో 15.7 శాతం ఉంటే, కొత్త పద్ధతిలో 12 శాతం. అంటే నలుగురు పోయే చోట ఒకరు బతికారు. తేడా ఇంత స్పష్టంగా కనిపించాక మిగతా బిడ్డలకు దాన్ని దక్కకుండా చెయ్యడం న్యాయం కాదని పరీక్షను ముందుగానే ఆపేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి.

తల్లి ఒంటి వేడి, మొదటి పాలు, తల్లి చర్మం మీది మేలు చేసే సూక్ష్మజీవులు, ఇన్‌ఫెక్షన్లు తగ్గడం, ఇవన్నీ కారణాలే. ఇంకొకటి కూడా ఉంది. రోజుకు 17 గంటలు బిడ్డను గుండెకు కట్టుకున్న మనిషికి ఊపిరి తడబడినా, ఒళ్ళు చల్లబడినా మానిటర్ మోగకముందే తెలుస్తుంది.

తెలుసుకోవడమే కష్టం. పసిబిడ్డ తన బాధ చెప్పుకోలేడు, పశువూ చెప్పుకోలేదు. చెప్పలేదు కాబట్టి బాధే లేదని అనుకోవడం వైద్యంలో చాలాకాలం సాగింది. 1980ల దాకా పాశ్చాత్య దేశాల పెద్దాసుపత్రుల్లో కూడా నెలలు నిండని బిడ్డలకు కదలకుండా ఉండే మందు, కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చి గుండె ఆపరేషన్లు చేసేవారు. వాళ్ళ నరాల వ్యవస్థ ఇంకా పక్వం కాలేదు, నొప్పి తెలియదు అన్నది వాదన. ఇండోర్‌లో వైద్యం చదివి రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆపరేషన్ నుంచి తిరిగొచ్చే బిడ్డలు వెళ్ళినప్పటికంటే అధ్వానంగా ఉండటం గమనించాడు. 16 మంది బిడ్డలతో పరీక్ష పెట్టాడు. వాళ్ళలో సగం మందికి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చారు. ఇవ్వని వాళ్ళ రక్తంలో ఒత్తిడి హార్మోన్లు ఉప్పెనలా లేచాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ వాళ్ళకే ఎక్కువయ్యాయి. 1987లో లాన్సెట్‌లో అచ్చయిన ఆ చిన్న పత్రంతో పిల్లల మత్తు వైద్యం మారిపోయింది. ఏడవడానికి నోరున్న బిడ్డ విషయంలోనే ఇంతకాలం పట్టిందంటే ఎలుకల సంగతి చెప్పాలా? వాటి ముఖంలో నొప్పిని చదివే పట్టికను మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం 2010లో తయారు చేసింది. 2019లో మాంట్రియల్ నుంచి పిల్లుల పట్టిక వచ్చింది. చెవులు ఎటు తిరిగాయి, కళ్ళు ఎంత ముడుచుకున్నాయి, మూతి బిగిసిందా, మీసాలు నిక్కాయా, తల భుజాల కన్నా కిందికి వాలిందా అని చూసి ఒక్కోదానికి 2 మార్కుల దాకా వేస్తారు. 10కి 4 వచ్చిందంటే నొప్పి మందు గురించి ఆలోచించాలి.

ఇలా చూడటం అబ్బాలంటే పెద్ద చదువులు అక్కర్లేదని గడ్చిరోలి నిరూపించింది. మహారాష్ట్రలోని ఈ అడవి జిల్లా మనకు పొరుగే. దాని దక్షిణ కొసన సిరొంచలో తెలుగు వినపడుతుంది, గోదావరి దాటితే తెలంగాణ. 1980ల మధ్యలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణి బంగ్ అక్కడ సెర్చ్ అనే సంస్థ పెట్టారు. పిల్లలు న్యుమోనియాతో చనిపోతున్నారు. ఊపిరి వేగాన్ని లెక్కపెడితే జబ్బు పట్టుకోవచ్చు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే ప్రమాదం. కానీ ఊళ్ళో కాన్పులు చేసే మంత్రసానికి అరవై దాకా లెక్క రాదు. అందుకని ఒక చిన్న చట్రం తయారు చేశారు. అందులో నిమిషం నడిచే ఇసుక గడియారం, తీగ మీద పూసలు ఉంటాయి. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేలోపు ఎర్రపూస దగ్గరికి వచ్చేశారంటే న్యుమోనియా. పది దాకా లెక్క వస్తే చాలు.

ఆ తర్వాత 1995 నుంచి 39 గ్రామాల్లో, ఊరికొక మహిళకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. ఆమె కాన్పు దగ్గర ఉంటుంది. తర్వాత నెల రోజుల పాటు పదే పదే ఇంటికి వచ్చి బిడ్డను తూస్తుంది, ఒళ్ళు వేడి చూస్తుంది. ఏడుపులో బలం తగ్గిందా, చన్ను పట్టడం మానిందా, కాళ్ళూ చేతులూ వాలిపోయాయా, పొట్ట ఉబ్బిందా అని చూసి, తల్లినీ అడుగుతుంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని అనుమానమొస్తే తల్లిదండ్రుల ఒప్పుకోలుతో యాంటీబయాటిక్ తానే ఇస్తుంది. మూడో ఏడాదికి, పోల్చి చూసిన ఊళ్ళ కంటే ఈ ఊళ్ళలో నవజాత మరణాలు 62 శాతం తగ్గిపోయాయి. 1999లో ఇదీ లాన్సెట్‌లో వచ్చింది. 2011 నుంచి దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్ళకు వెళ్ళేది ఈ నమూనాలోనే. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా వెళ్ళాలి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో చేతిసంచి తగిలించుకుని ఎండలో నడిచి వచ్చే ఆశా, తక్కెడ తీసి బిడ్డను తూయడాన్ని చాలామంది రికార్డు కోసం చేసే పనిగా చూస్తారు. ఆ తూకంలోనే సగం వైద్యం ఉంది.

ఇక్కడొక చేదు నిజం ఉంది. ఇలా కనిపెట్టుకుని ఉండటాన్ని మన సమాజం పుణ్యం ఖాతాలో రాస్తుంది, సేవ అని పొగుడుతుంది. జీతం దగ్గరికొచ్చేసరికి గౌరవ వేతనమో ప్రోత్సాహకమో అంటుంది. ఇంట్లో అయితే కోడలి బాధ్యత అయిపోతుంది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించకపోతే వీపున, పిరుదుల దగ్గర చర్మానికి రక్తం అందక పుండ్లు పడతాయి. పగలూ రాత్రీ కలిపి పన్నెండుసార్లు లేవాలి. ఆ నిద్ర ఎవరిదన్న లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. మన ప్రభుత్వాసుపత్రుల వార్డుల్లో ఆ పని రోగి వెంట వచ్చినవాళ్ళదే. సెలైన్ అయిపోతోందని పరుగెత్తేది వాళ్ళే, ఆయాసం ఎక్కువైందని నర్సమ్మను పిలిచేదీ వాళ్ళే. వెంట ఎవరూ లేని రోగికి ఆ కళ్ళు కూడా ఉండవు.

కళ్ళు తగ్గితే ఏమవుతుందో లిండా ఐకెన్ బృందం 2002లో అంకెల్లో చూపించింది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న 2,32,342 మంది రికార్డులు తీశారు. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినప్పుడల్లా, నెల లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతూ వచ్చింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల్లో చేసిన అధ్యయనంలోనూ దాదాపు అదే అంకె. ఆపరేషన్ తర్వాత రోగులకు వచ్చే చిక్కులు మంచి ఆసుపత్రిలోనూ వస్తాయి. నాడి వేగం పెరిగిందని, మాట తడబడిందని ఒక గంట ముందు చూసే మనిషి ఉన్నచోట వాటి నుంచి బయటపడతారు. నలుగురిని చూసే నర్సుకూ ఎనిమిది మందిని చూసే నర్సుకూ మనసు ఒక్కటే కావచ్చు, రోజులో గంటలు మాత్రం అవే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో 27 ప్రభుత్వాసుపత్రుల వార్డులకు నియమం పెట్టింది. పగలు ఒక నర్సుకు సగటున నలుగురు రోగులు, రాత్రి ఏడుగురు మించకూడదు. మాథ్యూ మెక్‌హ్యూ, ఐకెన్‌ల బృందం రెండేళ్ళ లెక్క తీసి 2021లో ప్రకటించింది. 145 చావులు తప్పాయి, 255 మంది మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసిన పని లేకపోయింది, 29,000 పైచిలుకు పడక రోజులు మిగిలాయి. కొత్త నర్సులకైన ఖర్చు సుమారు 3.3 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు, మిగిలింది సుమారు 6.9 కోట్లు. ఇంతకీ అందుకు కొత్తగా కావలసి వచ్చిన నర్సులు 167 మంది.